మందో కాదో తెలియని సీసా

నా కూతురు ఏడో నెల నిండుతుండగానే పుట్టింది. భవానీపురంలో మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఉమ్మనీరు పోయింది. ఆ సాయంత్రానికే బిడ్డ కిలో నూట ఎనభై గ్రాముల బరువుతో, ఏడుపు కూడా సరిగా రాకుండా, పటమట వైపున్న ఒక ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. మూడో రోజు నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి చూపించారు. సంతోషం కలగలేదు, భయమేసింది. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. కాలు మా ఆయన చిటికెన వేలంత కూడా లేదు.

"ఏమండీ, బతుకుతుందా?" అన్నాను. ఆయన మానిటర్ మీది అంకెలు ఒక్కొక్కటే నాకు చదివి వినిపించారు.

నెలలు నిండని పిల్లలు ఊపిరి తీసుకోవడం మరిచిపోతారని అక్కడే తెలిసింది. ఉన్నట్టుండి ఛాతీ కదలడం ఆగిపోతుంది. పెదాలు నీలమవుతాయి. మానిటర్ మోగుతుంది. సిస్టర్ వచ్చి అరికాలు మీద తడితే మళ్ళీ ఊపిరి అందుకుంటారు. ఊపిరి అలా ఆగిపోకుండా ఉండడానికి రోజూ కెఫీన్ మందు వేసేవారు. అది కాఫీలో ఉండేదేనని చెప్తే మా అత్తగారు నా మీదే కేకలేశారు. కూచిపూడి దగ్గర పల్లెలో మగ్గం వదిలేసి వచ్చిన మనిషి ఆవిడ. "పసిగుడ్డుకి కాఫీ పోస్తుంటే చూస్తా కూర్చున్నావా?" అన్నారు.

నాలుగు వారాలకు బిడ్డ కాస్త తేరుకుంది. అప్పుడు డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పరిశోధన గురించి చెప్పారు.

"ఈ వయసుకి మామూలుగా కెఫీన్ ఆపేస్తామండీ. ఇంకొన్నాళ్ళు వేస్తే మంచిదా, ఆపితేనే మంచిదా అన్నది మాకు కచ్చితంగా తెలీదు. అది తేల్చడానికే ఈ స్టడీ. కొందరు పిల్లలకి మందున్న సీసా వస్తుంది, కొందరికి మందు లేనిది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది ఎవరికొచ్చిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

డాక్టరు నోటి నుంచి 'తెలీదు' అన్న మాట వినడం నాకదే మొదటిసారి.

"మేం వద్దంటే?"

"వద్దంటే ఇప్పుడు చూస్తున్నట్టే చూస్తాం. ఒప్పుకున్నాక కూడా ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు మానేయొచ్చు."

అత్తగారు ఒక్క మాటలో తేల్చేశారు. "అదేమన్నా ఎలకపిల్లా, దాని మీద ప్రయోగాలు చెయ్యడానికి?" మా ఆయన నిర్ణయం నాకే వదిలేశారు. తెలుగులో ఉన్న ఆ కాగితాలు మూడుసార్లు చదివాను. మర్నాడు డాక్టరమ్మను ఒకటే అడిగాను. "ఇన్నాళ్ళూ వేసిన మందు పనిచేస్తుందని ఎలా తెలిసిందండీ?"

"ఇలాగేనమ్మా. ఎవరో తల్లులు ఒప్పుకుంటేనే."

సంతకం పెట్టాను.

ఆ రోజు నుంచి ఆ సీసా మీదే నా ప్రాణం. పేరు లేదు, నంబరొక్కటే. మూత తీసినప్పుడు వాసన చూశాను, ఏమీ తెలియలేదు. "మీకు తెలుసు కదా, చెప్పండి సిస్టర్" అని బతిమాలాను. "ఒట్టండీ, నాకూ తెలీదు" అంది.

ఆరో రోజు మధ్యాహ్నం పాలు పట్టించి, బిడ్డను నా గుండెకు ఆనించి కట్టారు. వెచ్చగా ఉంది. నాకు కునుకు పట్టిందేమో కూడా గుర్తులేదు. మానిటర్ మోగింది. వంగి చూస్తే పెదాలు నీలం. గట్టిగా అరిచాను. సిస్టర్ పరుగున వచ్చి బిడ్డను లాక్కుని అరికాళ్ళు తట్టింది. ఊపిరి రాలేదు. మూతి మీద మాస్కు పెట్టి, దానికున్న గాలిబుడ్డ నొక్కింది. అది ఎంతసేపో నాకు తెలియదు. సన్నగా ఏడుపు వినపడేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నాను.

"ఆ సీసా ఆపేయండి! నా చేతులారా నేనే చంపుకుంటున్నాను" అని అరిచాను.

డాక్టరమ్మ నా పక్కనే కింద కూర్చున్నారు. "ఆపేద్దాం. మీరు ఊఁ అంటే చాలు. కానీ సిస్టర్ చూసినప్పుడు పాప మెడ ముందుకి వంగి, గడ్డం ఛాతీకి ఆనిపోయి ఉందట. దానివల్ల కూడా ఊపిరి ఆగుతుందమ్మా. అదొక్కటే కారణమని చెప్పలేను. ఒకవేళ ఆ సీసాలో మందు లేకపోతే, అందువల్ల కాదని కూడా చెప్పలేను. ఇంకోసారి ఇలా అయితే మాత్రం స్టడీ సంగతి వదిలేసి కెఫీన్ నేనే మొదలుపెడతాను."

అంటే నేను ఎత్తుకున్న తీరు వల్లే అయి ఉండొచ్చు. రెండు రోజులు బిడ్డను ముట్టుకోలేదు. మూడో రోజు అత్తగారు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "నువ్వెత్తుకోకపోతే నేనెత్తుకుంటా" అని నాతో అని, "ఇవ్వండమ్మా" అన్నారు సిస్టర్‌తో. తెగిన పోగులు ముడేసే ఆ వేళ్ళు రెండు బిడ్డ గడ్డం కింద కదలకుండా నిలిచాయి.

"ఇదిగో, ఊపిరాడతా ఉంది. పక్కన కూర్చుని చూడు." గడ్డం కింది వేళ్ళు తియ్యకుండానే అడిగారు, "ఆ సీసా ఆపమని చెప్పావా?"

"ఇంకా లేదత్తయ్యా."

"భయంలో ఏదీ తెంపకే. రేపు చెబుదువులే."

ఆ మధ్యాహ్నమే బిడ్డను ఆవిడ ఒళ్ళోంచి తీసుకున్నాను. మర్నాడు డాక్టరమ్మను సీసా ఆపమని అడగలేదు. ఊపిరి మళ్ళీ ఆగలేదు. మూడు వారాలకు ఇంటికొచ్చాం.

పాపకు రెండేళ్ళు దాటాక డాక్టరమ్మ ఫోన్ చేశారు. స్టడీ ముగిసిందట. "మీ పాపకొచ్చింది మందు లేని సీసా అండీ" అన్నారు. అప్పుడు మా బట్టల కొట్లో ఉన్నాను. పాప కింది అరలో చీరలు ఒక్కొక్కటే లాగి పడేస్తోంది. ఫోన్ చెవికి ఆనించుకునే వాటిని ఏరి మడతపెట్టసాగాను. ఆ రోజు ఊపిరి ఆగింది మందు లేకనా, నేను సరిగా ఎత్తుకోకనా? ఇక ఎవరూ చెప్పలేరు.

సంతకం పెట్టినందుకు బాధపడుతున్నావా అని మా ఆయన అడిగారు. లేదన్నాను. మళ్ళీ అడిగితే పెడతావా అన్నారు. ఆ కాగితాలు మళ్ళీ మూడుసార్లు చదివాక చెప్తానన్నాను.