నోరు మూసుకుని పాడిన శౌరి

మాచర్ల బస్టాండు వెనక మా అబ్బా జమాల్‌కు మెకానిక్ షెడ్డు ఉంది. ఇప్పుడు నేనూ అందులోనే పని చేస్తున్నాను. అక్కడికొచ్చిన ప్రతివాడూ "ఒరేయ్ అక్రం, మీ అరుపుల ఫ్రెండు ఏమయ్యాడ్రా?" అని అడుగుతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. శౌరి అరిచింది కొన్నాళ్లే. పాడటం మాత్రం ఇవాళ్టికీ మానలేదు. అయినా జనానికి అరుపే గుర్తు. అందుకే ఒకసారి మొత్తం చెప్పేస్తున్నాను, ఇక ఎవరూ అడగనక్కర్లేకుండా.

శౌరిది రెంటచింతల. వాళ్ల నాన్న ఇన్నయ్య కౌలుకు పొలం తీసుకుని మిరప వేసేవాడు. శౌరి ఇంటర్లో ఉండగా ఒక మే నెలలో, ఇన్నయ్య కల్లంలో ఎండబోసిన కాయలు తిరగేయడానికి వెళ్లి, వడదెబ్బకు అక్కడే పడిపోయాడు. మళ్లీ లేవలేదు. రెంటచింతల రికార్డు ఎండల గురించి టీవీ వాళ్లు ఏటా ముచ్చటగా చెబుతారు, ఊరు ఏదో కప్పు గెలిచినట్టు. ఆ వార్త వస్తే నేను టీవీ కట్టేస్తాను.

సమాధుల తోటలో మేనమామలు శౌరి భుజం పట్టుకుని, "మగపిల్లోడివి. నువ్వే ఏడిస్తే మీ అమ్మనెవరు చూస్తార్రా?" అన్నారట. వాడు బుద్ధిమంతుడు కదా, ఏడవలేదు. ఆ రోజు ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. మాట్లాడటం కూడా బాగా తగ్గించేశాడు. నరసరావుపేట ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం వాడిదే. ఉప్మాలో ఉప్పు లేదని చెప్పడానికి కూడా నోరు విప్పేవాడు కాదు.

మా గదిలో మూడోవాడు హర్ష. వాడికి గిటారుంది. నాకు షెడ్డులో ఖాళీ ఆయిలు డబ్బాలు వాయించిన అనుభవం ఉంది. ఒకరోజు హర్ష ఎక్కడిదో విదేశీ పాట పెట్టాడు. గిటారు హోరెత్తుతుంటే ఒకడు గుండె పగిలేలా అరుస్తున్నాడు. దాన్ని స్క్రీమో అంటారని హర్ష చెప్పాడు. నాకైతే కుక్కర్ పేలినట్టనిపించింది. శౌరి మాత్రం మంచం దిగొచ్చి, "ఏడవాల్సింది ఇట్టా కూడా పాడొచ్చా?" అని అడిగాడు. వాడు నాతో మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అదే.

హాస్టల్లో అరిస్తే వార్డెన్ ఊరుకోడు కాబట్టి చోటు వెతుక్కున్నాం. ఊరి బయట మూతపడ్డ మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకటి ఉంది. మందపాటి గోడలు, ఇంతలావు తలుపు. లోపల బాంబు పేలినా బయట కాకి ఎగరదు. వాచ్‌మన్ వెంకట్రామయ్య తాతకు కాస్త చెవుడు, కాబట్టి ఆయనకూ అభ్యంతరం లేకపోయింది. ఒక్కటే తిప్పలు. బస్తాలు పోయి ఏళ్లయినా గోడల్లోంచి ఘాటు పోలేదు. నేను డ్రమ్ము మీద దెబ్బ వేయగానే చెక్క అరల్లోంచి ఎర్రటి దుమ్ము రాలేది. అందుకే మా బ్యాండుకు 'ఘాటు' అని పేరు పెట్టుకున్నాం. తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ మొదటి పాట కట్టాం. దాని పేరు 'మే'.

ఆ పాటలో మాటలు మా ముగ్గురికే తెలుసు. 'నీడకు రా నాన్నా, నీళ్లు తాగు నాన్నా.' అంతే, అదే తిరిగి తిరిగి వస్తుంది. శౌరి అరుపులో ఆ మాటలు ఒక్కటీ ఎవరికీ అర్థమయ్యేవి కావు. వాడికి కావలసిందీ అదే. చెప్పాల్సింది చెప్పేయాలి, ఎవరికీ తెలియకూడదు.

ఒకసారి వాళ్లమ్మ లూర్దమ్మ పిన్ని ఊరగాయ సీసా పట్టుకుని మా ప్రాక్టీసు చూడటానికొచ్చింది. 'మే' అయిపోయేదాకా గోడకానుకుని నిలబడి, శౌరి దగ్గరికెళ్లి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిరా అట్టా అరుస్తున్నావ్? ఎవురన్నా కొట్టారా?"

"లేదమ్మా, పాట."

"పాటైతే మాటలుండాల గదా? ఏం మాటలు?"

శౌరి బూట్ల వంక చూస్తూ, "ఇంగ్లీషమ్మా," అన్నాడు. నేనూ హర్షా ఊరగాయ సీసా మూత తీయడంలో పడ్డాం.

చదువైపోయాక కూడా కొన్నాళ్లు ఊళ్లు తిరిగాం. హైదరాబాదులో ఒక బట్టల షాపు సెల్లారు, బెజవాడలో ఒక జిమ్ము, బెంగుళూరులో ఏదో గోడౌను. ఎక్కడికెళ్లినా వచ్చేది గుప్పెడు మందే, కానీ శౌరి అరుపంటే ప్రాణం పెట్టేవాళ్లు. వాడి గొంతులో ఆ గరుకు ఎక్కడిదని అడిగేవాళ్లు. మిరప ఘాటులో సాధన చేయడం వల్లే వచ్చిందని మేం గట్టిగా నమ్మాం. అక్కడితో ఆగామా? ఊరెళ్లేటప్పుడు సంచిలో ఎండుమిరపకాయలు వేసుకెళ్లి, షోకు ముందు శౌరి ముక్కు దగ్గర తుంచేవాళ్లం. గాయకులు మిరియాల పాలు తాగుతారు, మేం పల్నాటి పిల్లలం కాబట్టి మిర్చి పట్టించాం. తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది.

ఒక షోలో 'మే' మధ్యలో శౌరి గొంతు ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. రుమాలులో ఉమ్మితే రక్తపు జీర కనబడింది. గుంటూరులో డాక్టరు గొట్టం పెట్టి చూసి, స్వరతంత్రుల మీద కాయలు కాశాయన్నాడు. చాన్నాళ్లు మౌనంగా ఉండాలన్నాడు. "ఇంకోసారి ఇలా అరిస్తే గొంతు మీద ఆశ వదులుకో. అరవకపోయినా పాటకు పనికొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. మిరప దుమ్ముకు మాత్రం దూరంగా ఉండు," అన్నాడు. రెంటచింతల వాణ్ణి మిరపకు దూరంగా ఉండమంటే ఎక్కడికి పోతాడు?

హర్ష గిటారు శౌరికిచ్చి బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నేను అబ్బా షెడ్డులో పానాలు పట్టుకున్నాను. శౌరి ఇంట్లో కూర్చున్నాడు. ఏం కావాలన్నా ఫోనులో టైపు చేసి చూపించేవాడు. 'గొంతు రాకపోతే నేనేం చేయాలిరా' అని ఒకరోజు నాకు మెసేజ్ పెట్టాడు. ఆ రోజంతా నాకు పని మీద ధ్యాస నిలవలేదు.

లూర్దమ్మ పిన్ని అప్పటికి మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. కొడుకు గోడలు చూస్తూ కూర్చోవడం ఆమెకు నచ్చలేదు. తువ్వాలు తడిపి వాడి ముక్కుకూ నోటికీ తనే బిగించి, బస్తాలు కుట్టడానికి తన మిరప షెడ్డుకు తీసుకెళ్లింది. అక్కడ అందరికీ అలాగే గుడ్డలుంటాయి. నోరు తెరిస్తే ఘాటు గొంతులో దిగుతుంది. అయినా ఆడవాళ్లు పాట మానరు. పెదాలు మూసుకుని, గుడ్డ వెనకాల, ముక్కుతో రాగం తీస్తారు. మాటలుండవు. ఒకామె మొదలుపెడితే షెడ్డంతా అందుకుంటుంది. కాయలు గలగలమంటుంటే ఆ రాగం కింద కింద సాగుతుంది.

శౌరి రోజూ అది వింటూ బస్తాలు కుట్టాడు. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చున్న మెహ్జబీన్ అక్క చెయ్యి ఆపి, "లూర్దమ్మా, నీ కొడుకు పాడుతున్నాడే!" అంది. అప్పుడుగానీ వాడికే తెలియలేదట. నోరు మూసుకుని, వాళ్లతో కలిసి, సన్నగా పాడుతున్నాడు. హడలిపోయి డాక్టరు దగ్గరికి పరుగెత్తితే, అలా మెల్లగా పాడటం గొంతుకు మంచిదేనని ఆయన అన్నాడు. దుమ్ములో వద్దని తిట్టాడు కూడా. ఆ సాయంత్రం శౌరి నాకు ఫోన్ చేసి "అక్రం" అని పిలిచాడు. చానా సన్నటి గొంతు. నేను పానా కింద పడేసి ఏడ్చాను. అబ్బా కంగారుపడి, నా వేళ్లు నలిగాయేమోనని చూశాడు.

అలా శౌరి పాటలు కట్టడం మొదలైంది. ఒక గిటారు, కొన్ని మాటలు, మధ్యలో నోరు మూసుకుని తీసే రాగం. రికార్డింగంతా మా షెడ్డుకు రిపేరుకొచ్చిన కార్లలో. అద్దాలన్నీ ఎక్కించుకుని, చెమటలు కక్కుతూ ఫోనులో పాడేవాడు. "ఒరేయ్ శౌరి, ఓనరొస్తున్నాడు, బయటికి రా!" అని అబ్బా కేకేసేవాడు. ఒక పాట చివర ఆ కేక అలాగే ఉండిపోయింది. నెట్‌లో పెడితే జనానికి అదే చానా నచ్చింది.

మొన్న జనవరిలో నరసరావుపేటలో ఒక హాలు మేడ మీద శౌరి ఒక్కడి కార్యక్రమం పెట్టారు. లూర్దమ్మ పిన్ని ముఠా మొత్తాన్ని ఆటోల్లో ఎక్కించుకొచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టింది. వెనక మా పాత సెల్లారు జనం నల్ల చొక్కాలతో నిలబడ్డారు. నేను పక్కన చిన్న డ్రమ్ముతో ఉన్నాను. నాలుగు పాటలు హాయిగా సాగాయి. అంతలో వెనక నుంచి ఒకడు "మే!" అని అరిచాడు. వెంటనే అందరూ అందుకున్నారు. "మే! మే! అరవరా శౌరీ!"

శౌరి నా వంక చూశాడు. వాడి భయమేమిటో నాకు తెలుసు. అరిస్తే గొంతు పోతుంది. అరవకుండా పాడితే మాటలు వినబడతాయి. వినేవాళ్లలో వాళ్లమ్మ ఉంది. వద్దని నేను తల అడ్డంగా ఊపాను. వాడు వినలేదు. జేబులోంచి తువ్వాలు తీసి నోటికి కట్టుకుని, పెదాలు మూసి రాగం ఎత్తుకున్నాడు.

ఆ రాగం ముందు వరసలకు తెలిసిందే. మిరప షెడ్డులో వాడు ఎన్నోసార్లు తీశాడు, ఏ పాటదో చెప్పకుండా. మెహ్జబీన్ అక్క అందుకుంది. తరవాత అందరూ అందుకున్నారు. నల్ల చొక్కాలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. అప్పుడు శౌరి తువ్వాలు కిందికి లాగి, పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడినంత మెల్లగా పాడాడు.

'నీడకు రా నాన్నా. నీళ్లు తాగు నాన్నా.'

అందరూ రాగం తీస్తున్నారు, లూర్దమ్మ పిన్ని తప్ప. ఆమె కొడుకునే చూస్తోంది. రెండోసారి ఆ మాటలొచ్చినప్పుడు చేతిలోని సంచి ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. పాడుతూ పాడుతూ శౌరి ఏడ్చాడు. సమాధుల తోటలో దాచుకున్నదంతా అందరి ముందూ ఏడ్చాడు. అయినా పాట ఆపలేదు, గొంతు పెంచలేదు.

పాట అయ్యాక పిన్ని లేచి వేదిక దగ్గరికి వచ్చింది.

"ఇంగ్లీషన్నావు గదరా," అంది.

ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, వాడి చేతిలో పెట్టింది.

"తాగు. తాగి, మళ్లీ పాడు. నాకు మొత్తం వినాలనుంది."

శౌరి నీళ్లు తాగాడు. నేను డ్రమ్ము ఎత్తుకున్నాను.