పిండిమరకు బదులు

ప్రూత్ నది ఒడ్డున మనొలాకే దొరను చెడ్డవాడన్నవాళ్ళు లేరు. కొరడా పట్టడు. పండక్కి పనివాళ్ళకు కూడా పందిమాంసం పెట్టిస్తాడు. పొలం, పిండిమర, బానిసలుగా ఐదు రోమా జిప్సీ కుటుంబాలు తండ్రి నుంచి అతనికి వచ్చిన ఆస్తి. ఆ మనుషుల్ని తాను కొనలేదు కనక ఆ పాపం తనది కాదనుకుని, యాభై ఏళ్ళొచ్చేదాకా నిశ్చింతగా బతికాడు.

ప్లమ్ పళ్ళకు పొగపెట్టి ఎండబెట్టే రోజుల్లో ఒక పొద్దున అతని బావమరిది ఎనాకే ఇద్దరు మనుషుల్నీ ఒక బండినీ వెంటేసుకుని వచ్చాడు. మనొలాకే వంటమనిషి సఫ్తా అతని బానిస. ఆమె మొగుడు, కమ్మరి కర్స్తియా, ఎనాకే బానిస. అలాంటి జంటకు పుట్టిన పిల్లల్ని యజమానులిద్దరూ చెరిసగం పంచుకోవడం అక్కడి ఆనవాయితీ. పిల్లల్ని తల్లికి దూరం చెయ్యరాదని ఏనాడో రాజశాసనం వచ్చింది గానీ, అది ప్రూత్ దాకా నడిచి రాలేదు.

"ముగ్గురున్నారుగా బావా," అన్నాడు ఎనాకే, టోపీ అయినా తియ్యకుండా కూర్చుంటూ. "పెద్దపిల్ల ఇలీనాని నాకిచ్చెయ్. నడిపివాణ్ణి కొలిమిలో పెట్టుకుంటా. చంటిది నీకు."

"తల్లి ఇక్కడుంది కదరా."

"దూడకీ తల్లి ఉంటుంది. సంతకి తోలడం మానేశామా?"

వంటింట్లో క్యాబేజీ తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. సఫ్తా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కత్తి చేతిలోనే ఉంది.

"పిల్లలెక్కడే?" అన్నాడు ఎనాకే.

"ఏటికి పోయారు దొరా."

"చంటిది కూడా నడిచి పోయిందా?" ఎనాకే నవ్వి, మనుషులకు సైగ చేశాడు. వాళ్ళు గడ్డివాము వెతికారు, నేలమాళిగ వెతికారు. తర్వాత పళ్ళకు పొగపెట్టే కొట్టు వైపు తిరిగారు.

తెల్లవారినప్పటి నుంచీ అందులో పొగ లేస్తూనే ఉంది. లోపల ఎవరో దగ్గారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గిన దగ్గు. సఫ్తా కత్తి పిడిని బిగించింది. మనొలాకే అది చూశాడు. ఆ కత్తి పైకి లేస్తే ఆమెను అక్కడే చంపేస్తారు. తాను నోరు మూసుకుంటే పిల్లలు బండెక్కుతారు. మనొలాకే ఒక్క అంగలో కొట్టు తలుపుకు అడ్డం వెళ్ళాడు.

"నా వాకిట్లో నేను చెప్పకుండా తలుపు తీసే మొనగాడెవడు?"

"సరేలే, గొడవెందుకు? మారు ఇవ్వు," అన్నాడు ఎనాకే. "ఈ ఇద్దరికీ బదులు నీ చాకలామె కొడుకులిద్దరు."

మనొలాకే 'సరే' అనబోయాడు. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. ఇంతలో తీగ దగ్గర తడి బట్టలతో నిలబడ్డ చాకలి స్తానా, బట్టలతో సహా నేల మీద కూలబడడం చూశాడు. 

"మనిషికి మనిషిని ఇవ్వను. ఇంకేదైనా అడుగు."

"అయితే మర ఇస్తావా?" ఎనాకే వేళాకోళంగా అన్నాడు.

"కర్స్తియాని కూడా కలిపి ఇస్తే, తీసుకో."

ఎనాకే నవ్వు ఆగింది. "పిచ్చెక్కిందా బావా? మా అక్కకి ఏం పెడతావ్?"

"అది నేనూ మీ అక్కా చూసుకుంటాం. పద, పాదిరి దగ్గర సంతకాలు పెడదాం. మళ్ళీ నాకు భయమేస్తుందేమో, త్వరగా పద."

వాళ్ళు వాకిలి దాటగానే సఫ్తా కొట్టు తలుపు తీసింది. పిల్లలు ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి నీళ్ళ తొట్టి మీద పడ్డారు. మధ్యాహ్నానికి సంతకాలు ముగించుకుని మనొలాకే తిరిగొచ్చాడు. సఫ్తా తన చెయ్యి ముద్దు పెట్టుకుంటుందని అనుకున్నాడు. ఆమె పెట్టుకోలేదు.

"ఇప్పుడు అందరం మీ సొత్తే దొరా. రేపు మీ పెద్దబ్బాయి మమ్మల్ని ఎవరికిస్తాడో?"

"నేను బతికుండగా..."

"మీ నాన్నగారూ ఇదే అన్నారు. మా తమ్ముణ్ణి మీ పెళ్ళి జరిపించిన పెద్దాయనకి కానుకిచ్చారు. నెత్తిన పూలదండ పెట్టి బండెక్కించారు. మీరు పెళ్ళిపీట మీదే ఉన్నారు."

అతనికి ఆ దండ గుర్తొచ్చింది. అప్పుడు అందరితో పాటు తానూ నవ్వాడు.

ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ కర్స్తియాతో సహా తన బానిసలందరికీ విడుదల ప్రకటించాడు. భార్య కతీంక మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. బయట కర్స్తియా అడిగాడు: "అయితే పొమ్మంటారా, ఉండమంటారా దొరా?"

"నీ ఇష్టం."

"ఇష్టమంటే అలవాటు లేదండి. మా ఆవిణ్ణి అడిగి చెప్తా."

సఫ్తా పోదామంది. పొద్దు వాలకముందే పోయారు. మిగతావాళ్ళలో స్తానా మాత్రం కూలికి ఉండిపోయింది.

పెద్దకొడుకు తండ్రికి మతి చెడిందని కోర్టుకెక్కాడు. అక్కడ మనొలాకే తరఫున గట్టిగా సాక్ష్యం చెప్పినవాడు ఎనాకే. బావకు మతి లేదని తేలితే మర వెనక్కి పోతుంది మరి! దావా కొట్టేశారు. సాటి దొరలు మనొలాకేను విందులకు పిలవడం మానేశారు. సఫ్తా తమ్ముడి కోసం అతను ఊరూరా తిరిగాడు. ఆ కుర్రవాడు చేతులు మారి నది దాటాడన్నంతవరకే తెలిసింది.

మరుసటి వసంతంలో అతని గుర్రం నాడా ఊడింది. రేవు దగ్గర కర్స్తియా పెట్టుకున్న కొలిమికే తీసుకెళ్ళాడు. ముందు ముగ్గురు రైతులున్నారు. వాళ్ళు అలవాటుగా పక్కకు తప్పుకోబోయారు.

"ఎక్కడివాళ్ళక్కడే ఉండండి," అన్నాడు కర్స్తియా, ఇనుము మీంచి కళ్ళెత్తకుండా. "అయ్యా, ఆ దుంగ మీద కూర్చోండి. నాలుగోది మీదే."

మనొలాకే గుర్రాన్ని కట్టేసి కూర్చున్నాడు.