అక్క చేతికి సరిపడే స్ప్రింగు

బావ పోయాక రైఫిల్ లైసెన్సు అక్క పేరు మీదికి మారింది. ఆమె తరఫున దాన్ని మోసుకెళ్లడానికి అధికారం ఉన్న మనిషిగా నా పేరు చేర్చారు. మా ఇద్దరినీ ప్రతి ఆదివారం కలుపుతున్నది ఆ కాగితమే. అక్కది రైల్వే కాలనీ పక్కన బావ కట్టిన ఇల్లు. నేను ఈ హిందీ ఊరి శివార్లలో, సిర్గిట్టిలో ఒక గోదాములో సరుకు లెక్కలు చూస్తూ, దాని వెనక గదిలోనే ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం పొద్దున్న షూటింగ్ రేంజికి వెళ్తూ ఆటోలో అక్క ఏదైనా అంటే, వారం మొత్తంలో నా చెవినపడే తెలుగు అదే.

అది పాయింట్ టూ టూ సెమీ ఆటోమేటిక్. మొదటి తూటాకి మాత్రం బోల్టుని చేత్తో వెనక్కి లాగి వదలాలి. పేలిన ఊపుకి బోల్టు తనంతట తనే వెనక్కి వెళ్లి ఖాళీ తూటా గొట్టాన్ని బయటికి విసిరేస్తుంది. దాని వెనకున్న స్ప్రింగు మళ్లీ ముందుకి తోసి కొత్త తూటాని ఎక్కిస్తుంది. ఆ స్ప్రింగు అరిగిపోయి కుంగిపోయింది. మూడు తూటాల్లో ఒకటి సగంలో ఇరుక్కునేది.

"దీన్ని దుకాణం వోడికి అమ్మేద్దారా. నాకింక ఓపిక లేదు," అంది అక్క ఒక ఆదివారం, తిరిగొస్తూ.

రైఫిల్ అమ్మేస్తే ఆదివారాలు కూడా దాంతోనే పోతాయి. ఆ మాట పైకి అనలేక, "స్ప్రింగు మారిస్తే చాలక్కా, నేను చూస్తాను," అన్నాను.

గోల్ బజార్ దగ్గర లైసెన్సున్న తుపాకుల దుకాణం ఒకటుంది. ఈ రకం రైఫిల్ ఇప్పుడు తయారు కావడం లేదు, అసలు స్ప్రింగు దొరకదు అన్నాడు దుకాణదారు. లోపలి కడ్డీకి పట్టే స్ప్రింగులు రెండు తెచ్చి అద్దం బల్ల మీద పెట్టాడు. పొడవు ఒకటే, చుట్లూ ఒకటే. తీగ మందంలో మాత్రం తేడా. నేను జేబులోంచి మందం కొలిచే కాలిపర్ తీసి ఒక్కోదాన్నీ నాలుగు చోట్ల కొలిచాను.

"స్ప్రింగు కొంటున్నావా భయ్యా, పెళ్లి సంబంధం చూస్తున్నావా?" అని హిందీలో వెక్కిరించాడు.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. తీగ మందం పదో వంతు పెరిగితే బిగువు పదో వంతు పెరగదు, దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఈ రెండింటి మధ్యా అంతే తేడా. బోల్టుని పూర్తిగా వెనక్కి లాగాలంటే సన్నదానికి మూడు కిలోల పైచిలుకు బలం చాలు, మందందానికి అయిదు కావాలి.

"మందందే తీసుకో. ఇక్కడ దొరికే తూటాలకి అదే సరి," అన్నాడతను.

నాకు అక్క వేళ్లు గుర్తొచ్చాయి. కణుపులు వాచి ఉంటాయి. కుంగిపోయిన పాత స్ప్రింగుకే ఆమె రెండు చేతులూ వాడుతోంది. రేపు వస్తానని చెప్పి, సూట్‌కేసులు తూచే చిన్న కాటా పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. దాన్ని వంటింటి తలుపు గొళ్లేనికి తగిలించాను.

"ఇదేటిరా, నన్ను తూకం వేత్తావా?"

"నిన్ను కాదక్కా, నీ వేళ్లని. లాగు."

"నా వేళ్లు కిలో ఎంతకి పోతాయేటి?" అని నవ్వుతూ లాగింది. ముల్లు నాలుగు దగ్గర ఆగింది.

"ఇంకోసారి."

"చాల్లేరా, నొప్పెడతంది." అయినా లాగింది. మూడున్నర.

బావ పోయాక అక్క నవ్వడం అప్పుడే చూశాను. నా పద్ధతి ప్రకారం రెండింట్లో తక్కువ అంకె పట్టుకున్నాను. మూడున్నర. అంటే సన్న స్ప్రింగే. దుకాణదారు పెదవి విరిచి, అదే బిగించి ఇచ్చాడు.

ఆదివారం అక్క బోల్టు తనే లాగింది. నేను ఆమె మొహం కేసే చూస్తున్నాను. మొదటి మూడు తూటాలూ పేలాయి. తర్వాత బోల్టు ముందుకొచ్చింది గానీ పూర్తిగా మూసుకోలేదు, వడ్లగింజంత ఖాళీ మిగిలింది. అక్క రైఫిల్‌ని గురి వైపే ఉంచి బల్ల మీద దించింది. సరిచేసి మళ్లీ మొదలెడితే మళ్లీ అంతే.

"సన్న స్ప్రింగుకి తోసే బలం చాలట్లేదక్కా. నీ చేతికి సరిపడేది ఎంచాను, తూటాకి సరిపోలేదు."

"నా చేతికా?" అక్క నా వైపు తిరిగింది. "మీ బావ ఉన్నన్నాళ్లూ నేనెప్పుడు లాగేనురా దాన్ని? ఆయనే కుడి పక్కన నిలబడి లాగి ఇచ్చేవోరు. పది తూటాల మ్యాగజైనుకి ఒక్కసారి. మిగతా తొమ్మిదీ దానంతటదే లాక్కుంటాది గదా."

బావ ఉన్నప్పుడు నేను ఒక్కసారి కూడా రేంజికి రాలేదు.

"ముందే చెప్పొచ్చు కదక్కా?"

"నువ్వడిగితే గదా. తూకం వేసేవు గానీ."

మర్నాడు గోదాము నుంచి తొందరగా బయల్దేరి దుకాణానికి వెళ్లాను. అతను నన్ను చూడగానే, నేను నోరు తెరవకముందే, మందం స్ప్రింగు తీసి అద్దం మీద పెట్టాడు.

తర్వాతి ఆదివారం నేను అక్క కుడి పక్కన నిలబడ్డాను. బోల్టు లాగి వదిలాను. అయిదు కిలోలు, నా వేళ్లకి తెలిసింది. మొదటి తూటా పేలగానే వేడి గొట్టం వచ్చి నా చొక్కాకి తగిలింది.

"మీ బావ ఇంకో అడుగు వెనక నిలబడేవోరు," అంది గురి మీంచి చూపు తిప్పకుండా.

అడుగు వెనక్కి వేశాను. మిగతా తొమ్మిదీ ఒక్కటీ ఇరుక్కోకుండా పేలాయి. గొట్టాలు నా ముందు నుంచి ఎగిరి సిమెంటు మీద పడ్డాయి. బావ కూడా ఇక్కణ్ణుంచే వాటిని చూసి ఉంటాడు.

అక్క రెండో మ్యాగజైను తనే పెట్టుకుంది. చెంప రైఫిల్‌కి ఆనించి, ఒక కన్ను మూసి, కుడి చెయ్యి పిడి మీదే ఉంచి అలాగే ఉండిపోయింది. బోల్టు జోలికి పోలేదు. నన్ను పిలవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అలవాటైన మనిషి వెనకే ఉన్నట్టు ఎదురుచూస్తోంది.

ఆ ఎదురుచూపు నాకోసం కాదు. అది తెలిసి ఒక్క క్షణం ఆలస్యం చేశాను. తర్వాత, నిలబడిన చోటు నుంచి కదలకుండా, చెయ్యి చాపి బోల్టు లాగాను.