బాపు కారు మీద నేను మోపిన నేరాలు

నిన్న మా ఇంటి ముందట నేనొక వాదం గెలిచిన. గెలిస్తే గిట్లుంటదని తెలిస్తే ఓడిపోయేదాన్ని! నవ్వకుండ్రి, చెప్తున్న.

శ్రీరాంపూర్‌ల మా బాపుకొక పాత డీజిల్ కారుంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదనే. కొన్ని రోజుల సంది మీటర్ల ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతనే ఉంది. ఆర్తలేదు. "దీని పని అయిపోయింది బిడ్డా, అమ్మేస్త. ఆదివారం సుల్తానాబాద్ నుంచి ఒకాయన చూడనీకి వస్తుండు" అన్నడు బాపు.

నాకు సర్రుమన్నది. "ఒక్క లైటు చూసి ఇంత పెద్ద శిక్షనా? అసలు తప్పేందో చెప్పు!"

"నువ్వే చెప్పు. ఆయన వచ్చేలోపు లైటు ఆర్పినవనుకో, బండి నీకే."

అంతే! స్టీరింగ్ కింద గుచ్చితే బండి తప్పులు కోడ్లల్ల చెప్పే చిన్న స్కానర్ ఆన్‌లైన్‌ల తెప్పించిన. నిన్న ఆదివారం పొద్దుగాల, అది ఎట్ల వాడాలెనో చెప్పే వీడియో సగం చూసి, గుచ్చి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుంట తాళం చెవి ఆన్‌ల పెట్టి ఫోన్‌ల చూసిన. ఒక్కటే కోడ్! ఇంజన్‌లకు పోయే గాలిని కొలిచే సెన్సర్ సక్కగ లేదట.

గక్కడ ఆగితే అయిపోతుండె. కానీ కాలేజీ డిబేట్లల్ల ఎవ్వలేమన్నా "రుజువేది?" అని లేసుడు అలవాటాయె. బానెట్ లేపి ఆ సెన్సర్ ప్లగ్గు పీకి, ఊది, మళ్ల పెట్టిన. దాని పక్కదాన్ని ఎందుకు నమ్మాలె? దాన్నీ పీకి పెట్టిన. మళ్ల స్కాన్ కొడితే కోడ్లు రెండు!

"చూసినవా బాపూ, ఇంకోటి దాచిపెట్టింది!"

ఇంకో ప్లగ్గు. మూడు! ఇంకోటి. నాలుగు! ఇంకోటి... ఐదు!

గడపల నిలబడి అవ్వ అన్నది: "నువ్వు ముట్టినకొద్దీ ఎక్కువైతున్నయేమో చూడవే."

"జర ఆగవ్వా, ఇది టెక్నికల్!"

అప్పుడే సుల్తానాబాద్ ఆయన బైక్ ఆగింది. "ఏం చూస్తున్నవ్ చెల్లే?"

నిజం దాచుడు నాతోని అయితదా? ఐదు కోడ్లు గొంతెత్తి చదివిన, అర్థాలతోని సహా. గాలి సెన్సర్, వేడి సెన్సర్, డీజిల్ ప్రెషర్ సెన్సర్... బాపు కండ్లతోని సైగ చేస్తనే ఉన్నడు. ఆగితేనా!

ఆయన బండి చుట్టు సుత తిరగలే. "అన్నా, గిది కారా, దవాఖాన్లున్న పేషెంటా?" అని బైకెక్కి పోయిండు.

పోయినంక, నేను సగంల ఆపేసిన వీడియో మిగతాది చూసిన. తాళం ఆన్‌ల ఉండంగ ప్లగ్గు పీకితే, పీకినప్పుడల్లా కొత్త కోడ్ పడతదట! అంటే నాలుగు తప్పులు బండియి కావు, నాయి. గబగబ క్లియర్ కొట్టిన. లైటు ఆరింది! నేను ఎగిరి దుంకేలోపల మొదటి కోడ్‌తోని మళ్ల వెలిగింది.

"ఇగ దీన్ని నువ్వు తప్ప ఎవ్వలు తీస్కోరు. నువ్వే ఉంచుకో" అన్నడు బాపు. "నడువు, మెకానిక్‌కు చూపిద్దాం."

తాళం చెవి తిప్పిండు. టిక్. మళ్ల తిప్పిండు. టిక్. పొద్దటి సంది ఆన్‌లనే ఉంచి వాదిస్తి గదా, బ్యాటరీ ఖతం!

బాపు అద్దం దించి నిమ్మళంగ అన్నడు: "బండి ఎవ్వలిదో వాళ్లే తోయాలె బిడ్డా."

గల్లీ చివరిదాంక ఒక్క మాట ఎదురు చెప్పకుంట తోసిన. మా అవ్వకు ఆశ్చర్యం, పిల్లకు బుద్ధొచ్చిందని. బుద్ధి లేదు ఏం లేదు, మాట్లాడనీకి ఊపిరి అందలే!