ఎట్ల, ఎలా, ఎట్లు

2011 మొదట్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక పద్యనాటక సమాజంలో హార్మోనిస్టుగా చేరాను. హార్మోనిస్టంటే పెట్టె వాయించేవాడే అనుకుంటారు బయటివాళ్లు. మా వృత్తిలో మేనేజరు తర్వాతి స్థానం అతనిదే. కొత్తవాళ్లకు పద్యాలు నేర్పేదీ అతనే.

నాకు అప్పగించిన శిష్యురాలు స్వరూప. నల్గొండ జిల్లా నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో ఆటో నడుపుకునే యాదయ్య కూతురు. పంతొమ్మిదేళ్లు. బంగారంలాంటి గొంతు. నాది తెనాలి, చాదస్తమూ వెంట తెచ్చుకున్నాను. "గీ పద్యం ఎట్ల ఎత్తుకోవాలె మాస్టారూ?" అని ఆమె అడిగితే "ఎట్ల కాదు, ఎలా!" అని పెట్టె మూసేసేవాణ్ణి. పాపం, ఆర్నెల్లలో ఆ మాట మానుకుంది. నా ప్రతిభే అనుకుని మురిసిపోయాను.

దసరాలోపు వేషం దొరక్కపోతే చీరల దుకాణంలో పనికి పెడతానని యాదయ్య ఖండితంగా చెప్పాడు. ఇంతలో తెలంగాణ ఉద్యమంలో బస్సులు ఆగిపోయాయి. రాణి వేషం కట్టే పెద్ద నటి విజయవాడలోనే చిక్కుకుపోయింది. వనస్థలిపురంలో ఆ సాయంత్రమే నాటకం. స్వరూపను నిలబెట్టమనీ, నెగ్గితే వేషం ఆమెదేననీ మేనేజరు అన్నాడు.

యాదయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. మొదటి రంగం చక్కగా నడిచింది. రెండో రంగంలో ఒక ఆటవెలది. అందులో 'ఎట్లు' అనే మాట ఉంది. రిహార్సల్లో సరిగ్గానే పాడిన పిల్లకు, జనాన్ని చూడగానే నా చీవాట్లే గుర్తొచ్చాయి కాబోలు, 'ఎలా' అనేసింది. గురువు, లఘువు తారుమారై గణం చెడింది. తప్పు తెలిసి ఆగిపోయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

నేను రాగం సాగదీస్తూ మెల్లగా, "తప్పు నాదమ్మా. మీ ఇంట్లో అన్నట్టే అను, చివర కొమ్ము చేర్చు" అన్నాను.

పద్యం మళ్లీ ఎత్తుకుంది. 'ఎట్లు' దగ్గర ఆమె గొంతు విచ్చుకున్న తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వన్స్‌మోర్ కొట్టారు. అందరికంటే గట్టిగా అరిచింది యాదయ్యే. వేషం ఆమెదైంది.

మేకప్ తుడుచుకుంటూ నవ్వింది స్వరూప. "పుస్తకంల ఉన్నది మా మాటేనాయె గద మాస్టారూ! మరి నన్నెందుకు తిడ్తుంటిరి?"

సిగ్గుపడ్డాను. అప్పటినుంచి శిష్యుల మాట దిద్దేముందు పుస్తకం తెరిచి చూసుకునేవాణ్ణి. స్వరూపతో మాత్రం ఆ అవసరం రాలేదు. "ఇయ్యాల ఎట్ల పాడదాం?" అని నేనే మొదలుపెట్టేవాణ్ణి.