దొరసాని ఒక్కపొద్దు

నాకు పుట్టుకతోనే ఆరా ఎక్కువ. పక్కింట్లో గిన్నె కిందపడితే అది ఇత్తడిదా స్టీలుదా అని తెలుసుకునే దాకా నిద్ర పట్టేది కాదు. అందుకే మానుకోటలో విదేశాల నుంచి వచ్చిన సేవా బృందానికి మాటలు తర్జుమా చేసే మనిషి కావాలని విన్నప్పుడు, నర్మెట్టలో మా బాపు వద్దు వద్దంటున్నా జనగామకు వచ్చి రైలెక్కాను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడి మూతపడి ఇంట్లో కూర్చున్న ఏడాదంతా ఇంగ్లీషు వాచకాలు నమిలాను. ఆ చదువు పదేళ్లకు అట్లా అక్కరకొచ్చింది.

టీబీ రోగులకు మందులివ్వడం ఆ బృందం పని. వారానికి రెండు రోజులు జీపులో గార్ల వైపు లంబాడీ తండాలకు పోయేవాళ్లం. నర్సు సూది వేసి, గోళీలు తన కళ్లముందే మింగించేది. నేను అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేదాన్ని.

మొదటి నర్సు తండాలో ఎవరు ఏది పెట్టినా తినేది. కామెర్లొచ్చి మంచం పట్టి తన దేశానికి వెళ్లిపోయింది. ఆమె వెనకే డాక్టరు మారాడు. బృందానికి పెద్దగా ఉండేవాళ్లయితే ఒక్క ఏడాదిలోనే ముగ్గురు మారారు. వచ్చిన ప్రతి పెద్దా ఒక కొత్త నియమం పెట్టిగానీ కుర్చీలో కుదురుగా కూర్చునేవాడు కాదు. బయట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది వాటిలో ఒకటి.

కొత్త నర్సుకు ముప్పై ఏళ్లు ఉంటాయో లేదో. నా కళ్లన్నీ ఆమె మీదే. సాయంత్రం పూట ఉతికిన బట్టలే మళ్లీ ఉతికేది. పెరటి గోడ వెంబడి అటూ ఇటూ తిరుగుతూ అడుగులు లెక్కపెట్టుకునేది. కిటికీ సందులోంచి చూస్తే, ఒక్కోసారి తలగడలో ముఖం పెట్టుకుని ఏడుస్తూ కనిపించేది. ఉండబట్టలేక అడిగేశాను. తనతో వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారని, నిన్న ఒప్పయిన పద్ధతి ఇవాళ తప్పవుతున్నదని, తన పని ఎవరికైనా పనికొస్తున్నదో లేదో తెలియడం లేదని చెప్పింది. బట్టలైతే ఉతికితే తెల్లబడడం కళ్లకు కనిపిస్తుందట. విని నాకు జాలేసింది.

ఒక తండాలో పెద్దావిడ ఉండేది. అందరూ ఆమెను యాడి అనేవాళ్లు, వాళ్ల భాషలో అమ్మ అని. మా రోగుల్లో అందరికన్నా నీరసించినది ఆమే. మేము పోగానే జొన్నరొట్టె, మిరపకాయ పచ్చడి తెచ్చి ముందు పెట్టేది. కొత్త నర్సు మొదటి రోజే తల అడ్డంగా ఊపింది. ఇంటికొచ్చిన మనిషి రొట్టె వద్దన్నదని ఆ తల్లి ముఖం మీద ఎట్లా చెప్పను? దొరసానికి ఈ రోజు ఒక్కపొద్దు అని నోటికొచ్చింది చెప్పేశాను. ఎందుకని అడిగితే, రోగులు బాగుపడాలని మొక్కుకున్నదని ఇంకో మెలిక వేశాను. అంతటితో ఆగానా? పోయినప్పుడల్లా అదే పాట. యాడి దండం పెట్టేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు నెలలు తిరిగేసరికి యాడి సగమైంది. సూది వేసేందుకు కండ దొరకడం లేదు. మందెందుకు పట్టడం లేదో నర్సుకు అంతు చిక్కలేదు. ఇట్లాగే ఉంటే ఆమె బతకదని నాతో అన్నది. ఆ రోజు గోళీలు మింగించి బయటికి వచ్చాక, నేను యాడి కోడల్ని పక్కకు పిలిచి గుచ్చి గుచ్చి అడిగాను. మీరొచ్చే రోజుల్లో మా అత్త కూడా ఒక్కపొద్దుంటుంది, పరగడుపున గోళీలు మింగుతుంది, మీ జీపు కదలగానే అన్నీ కక్కేస్తుంది అన్నది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా పెట్టించుకుందట. టీబీకి తోడు నేను కూడా ఆమె ప్రాణం మీదికి వచ్చాను.

జీపు తండా దాటాక నర్సుకు అంతా చెప్పాను. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆమె ఒక్కపొద్దు అంటే ఏమిటి, ఎవరి కోసం ఉంటారు, ఎట్లా విడుస్తారు అని వరసపెట్టి అడిగింది. అన్నీ విని, జీపు వెనక్కి తిప్పమన్నది.

మేము పోయేసరికి యాడి అప్పటికే కక్కుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నర్సు పొయ్యి పక్కన చతికిలబడి, రొట్టె కావాలని చేత్తో చూపింది. యాడి లేచి పెనం పెట్టింది. మొక్కు తీరిందా అని నన్ను అడిగింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మొక్కు లేదు, ఒక్కపొద్దు లేదు యాడీ. నేనే అబద్ధమాడిన. దొరసాని నీ కోసం ఉపాసమున్నదనుకొని నువ్వు కడుపు మాడ్చుకున్నవు."

యాడి రొట్టె తిరగేసింది.

"ఆమె ఉంటే ఏంది, లేకుంటే ఏంది బిడ్డా. నేనైతే ఆమె కోసమే ఉన్న. వచ్చిన కాన్నుంచి చూస్తున్న, ఆ పిల్ల కండ్లు ఎప్పుడు వాసే ఉంటయి. తల్లి ఏ దేశంల ఉన్నదో ఏమో. గీడ ఆమె కోసం ఒక్కపొద్దుండెటోళ్లు ఎవలున్నరు?"

ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ముక్కలు ముక్కలుగానే అయినా ఒక్కటీ విడవకుండా చెప్పాను. నర్సు రొట్టె చేతిలో పట్టుకునే ఏడ్చింది, వాకిట్లో జనమంతా చూస్తుండగా. యాడి ఆమెను ఊరుకోబెట్టలేదు. ఎదురుగా కూర్చుని, తనకొక రొట్టె తీసుకుని తినడం మొదలుపెట్టింది. అది చూసి నర్సు కూడా తిన్నది. ఇద్దరి తిండీ అయ్యాక యాడికి మళ్లీ గోళీలు ఇచ్చాం. ఆ తర్వాత మేము జీపెక్కలేదు. పొద్దుగూకే దాకా ఆమె దగ్గరే కూర్చుని, ఆమె ముఖంలోకే చూస్తూ ఉన్నాం. యాడి కక్కలేదు.