పింఛను జాబితాలో అమ్మ పేరు

మా ముత్తాత ఊళ్లో సత్రం కట్టించారు. తాతగారు ముప్పై ఏళ్లు మునసబు చేశారు. ఊళ్లో నిరుపేద ఎవరో, ఎవరు కాదో ఆయన రాసిచ్చిన కాగితాన్ని బట్టే సర్కారు నమ్మేది. నాన్నగారి హయాంలో ఆ ఉద్యోగాలే రద్దయ్యాయి. వీధరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునే అలవాటు మాత్రం మిగిలింది.

తొంభైల చివర్లో, నాన్నగారు పోయిన మరుసటేడు, పంచాయతీ ఆఫీసు ముందు గ్రామసభ పెట్టారు. కొత్త పింఛన్ల జాబితాను సర్పంచి మైకులో చదివాడు. అతని తండ్రి ఒకప్పుడు మా పాలేరు. వితంతువుల వరసలో ఐదో పేరు మా అమ్మది.

"దివాణం కూడా లైన్లోకొచ్చేసిందండోయ్," అన్నారెవరో వెనకనుంచి.

అందరూ నవ్వారు, సర్పంచి తప్ప. నాకు అతని మీదే అనుమానం కలిగింది. నలుగురిలో మమ్మల్ని తక్కువ చేయడానికో, రాబోయే ఓట్ల కోసమో రాయించి ఉంటాడనుకున్నాను. ప్రభుత్వం ఊరికే డబ్బు పంచుతుందంటే నేను నమ్మను. ఇచ్చేవాడు పుచ్చుకున్నవాణ్ణి గుర్తుపెట్టుకుంటాడు. తరాలుగా ఇచ్చేవైపు కూర్చున్నవాళ్లం కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మర్నాడు ద్రాక్షారామం మీదుగా వెళ్లే బస్సెక్కి మండలాఫీసుకు వెళ్లాను. మాకు రెండెకరాల మాగాణి ఉందనీ, పింఛను అక్కర్లేదనీ రాసిచ్చాను. గుమాస్తా ఫైల్లోంచి ఒక కాగితం తీసి, ఒకసారి చూడమన్నాడు. ఇతనూ సర్పంచి మనిషే అనుకుని, చూడకుండా లేచి వచ్చేశాను.

అమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పేరు కొట్టేయించి వచ్చానని కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆ అర్జీ పెట్టింది నేనేరా."

ఆ ఖర్మ మనకేంటన్నాను.

"కాపురానికొచ్చి నలభై ఏళ్లయింది. కంట్లో చుక్కల మందుకి కూడా మీ నాన్నని అడిగేదాన్ని, ఇప్పుడు నిన్నడుగుతున్నాను. ఎవర్నీ అడక్కుండా నా చేతికొచ్చేది అదొక్కటే."

ఈ బుద్ధి ఎవరు పుట్టించారని అడగబోయి మానుకున్నాను. కాసేపటికి ఆవిడే అడిగింది.

"ఏమని రాశావు?"

"కాలవ కింద రెండెకరాలుందని."

అమ్మ చింతపండు ముందుకు లాక్కుంది. ఆ జాబితాలోకి ఆవిడ పేరు మళ్లీ ఎక్కలేదు.

కాలవ కింది రెండెకరాలూ నాన్నగారి వైద్యానికి అంతకు రెండేళ్ల ముందే అమ్మేశాం.